ప్రయాణ ప్రార్థన

దుబాయి ప్యాకేజీ సోమవారం మొదలై శుక్రవారంతో అయిపోతుంది. సింగపూరు ప్యాకేజీలో మధ్యన ఒక ఆదివారం కలుస్తుంది. అందుకే ప్రభుదాసు సారూ, ఆయన భార్య పెర్సిసమ్మా సింగపూరే వెళ్ళాలని ఎబినేజరు కోరుకున్నాడు. ఆదివారం పొద్దున ఆ వీధి మొత్తం చర్చికి పోతుంది. కుక్కలు తప్ప ఎవరూ మిగలరు. వాళ్ళ బీరువా తెరవడానికి అతనికి ఆ కాస్త సమయం చాలు. వాళ్ళు ఊళ్ళో లేకుంటే పోయిన సంగతి కూడా వెంటనే బయటపడదు.

ఎబినేజరు వడ్రంగి. మెదక్‌లో ఎన్నో తలుపులు అతను బిగించినవే గాని, ఏ షాపు బోర్డు మీదా అతని పేరు లేదు. ఎప్పుడూ ఇంకొకరి దగ్గర కూలే. పెర్సిసమ్మ క్రిస్మస్‌కు పెట్టుకొచ్చే నగలు చూసినప్పుడల్లా అతనికి బోర్డు మీద తన పేరు కనిపించేది. దొరికితే మాత్రం షాపు మాట అటుంచి, చర్చిలో కానుకల సంచి పట్టే గౌరవం కూడా పోతుంది. తనను తాను దొంగ అనుకోవడానికి మాత్రం అతనికి మనసొప్పలేదు. దొంగలకు తొందర ఎక్కువ. అతనికి ఓపిక ఎక్కువ.

ఏ ఊరన్నది తేలిన రోజు అతను వాళ్ళింట్లోనే ఉన్నాడు. కిటికీ రెక్కలు సందు లేకుండా మూసుకునేలా సరిచెయ్యమని సారు పిలిపించాడు. దొంగల భయం కాబోలు అనుకున్నాడు ఎబినేజరు. ఆ భయం అతనికి న్యాయంగానే తోచింది.

"దుబాయిల సముద్రం ఒడ్డుకే హోటళ్ళంట. మస్తుంటయంట," అంది పెర్సిసమ్మ బియ్యం ఏరుతూ.

"దుబాయా? మెదక్ల సగం మంది ఆడనే ఉన్నరు," అన్నాడు రిటైర్డు హెడ్మాస్టరు ప్రభుదాసు. "దిగంగనే మన గాలయ్య కొడుకు ఎదురొస్తడు."

"వస్తే ఏమాయె? ఒక పూట అన్నం పెడ్తడు."

"వద్దే. మనల ఎరిగినోడు ఒక్కడు లేని ఊరైతేనే మంచిగుంటది."

పెద్దవాళ్ళ గొప్పలు ఇలాగే ఉంటాయనుకుంటూ ఎబినేజరు కిటికీ దగ్గర్నుంచి తల తిప్పాడు. "సింగపూరే పోండ్రి సారూ. ఆడగూడ సముద్రమే కదా. దుబాయికి ఎవలైనా పోతరు. అమ్మగారి చెల్లె మొగుడు యెరూషలేం పోయొచ్చి ఏడాదాయె, మాటలల్ల ఇంకా విమానం దిగనేలేదు. మీరు సింగపూర్ల దిగితేగాని ఆయన దిగడు."

పెర్సిసమ్మ నవ్వింది. సారు నవ్వలేదు. మేకు సరైన చోటే దిగిందని ఎబినేజరుకు అర్థమైంది.

"గంతే అంటవా?" అన్నాడు సారు.

"గంతే సారూ."

ఎవరు దూరం వెళ్తున్నా చర్చిలో ప్రయాణ ప్రార్థన చేయించుకోవడం అక్కడి అలవాటు. ఎప్పుడు పోతారో, ఎప్పుడు వస్తారో, ఇల్లు ఎన్నాళ్ళు తాళం వేసి ఉంటుందో దేవుడితోపాటు ఊరందరికీ తెలుస్తుంది. ప్రయాణానికి ముందు ఆదివారం పాస్టరు అయ్యగారు సింగపూరు పేరు చదవగానే ముందు వరుసలో పెర్సిసమ్మ చెల్లెలి మొగుడు వెనక్కి తిరిగి చూశాడు. ఎబినేజరు కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళు క్షేమంగా వెళ్ళాలనీ, చెప్పిన రోజుకు ముందు రాకూడదనీ అతనంత మనస్ఫూర్తిగా ప్రార్థించినవాళ్ళు ఆ చర్చిలో లేరు.

సాగనంపడానికి వీధంతా వచ్చింది. పెట్టెలు కారులో పెట్టింది అతనే. బరువే లేవు. అక్కడే కొనుక్కుంటారులే అనుకున్నాడు.

"మొక్కలకు నీళ్ళు పొయ్యాల్నా సారూ?"

"ఎండితే ఎండనీ. మేమొచ్చేదాంక ఇంట్ల ఎవ్వలు అడుగుపెట్టొద్దు," అన్నాడు ప్రభుదాసు కటువుగా.

ఎబినేజరుకు బాధేసింది. ఇన్నేళ్ళు నమ్మకంగా పనిచేసిన మనిషిని పట్టుకుని అనుమానిస్తారా? ఆ కోపం అతనికి పనికొచ్చింది. అప్పటిదాకా లోపల గుచ్చుతున్నదేదో ఆగిపోయింది.

ఆదివారం కడుపునొప్పి అని చెప్పి భార్య రాహేలును ఒక్కదాన్నే చర్చికి పంపాడు. గంట మోగడం ఆగాక బీరువా కోసం ఉలి పట్టుకుని వీధిలోకి వచ్చాడు. తలుపుకు తాళం బిగించిన రోజే దాచుకున్న రెండో తాళంచెవితో తాళం తీసి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేశాడు. కిటికీలు ఎంత బాగా మూసుకున్నాయంటే చీకటిలో తన చేయి తనకే కనబడలేదు. తన పనితనానికి క్షణంపాటు గర్వపడ్డాడు.

ఎక్కడో తాలింపు వాసన వచ్చింది. పక్కింటిదనుకున్నాడు. పక్కింటివాళ్ళు చర్చిలో ఉన్నారని ఆలోచించేలోపే అతని చెయ్యి పడకగది తలుపును తోసేసింది.

నేల మీద ఒక ఫోను వెలుగుతోంది. అందులో సింగపూరు సముద్రమూ, ఆకాశమంత మేడలూ చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఆ వెలుగులో పెర్సిసమ్మ, నోటి దగ్గరికి తెచ్చిన ముద్దతో అలాగే ఆగిపోయి ఉంది.

ఎబినేజరు చేతిలోని ఉలి దాచలేదు. దాచాలని తోచలేదు. బోర్డు, కానుకల సంచి, రాహేలు ముఖం ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు తిరిగాయి. పోలీసులు బయట కాచుకుని ఉంటారు. ఇదంతా తన కోసం పన్నిన ఉచ్చే అనుకున్నాడు.

పక్కనుంచి ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది.

"నీకు దండం పెడ్త ఎబినేజరూ," అన్నాడు ప్రభుదాసు సారు, "మేము ఏ దేశం పోలేదని చర్చిల ఎవ్వలకు చెప్పకు."