వంగమంటే వంగాడు

“ఒంట్లో ఎలా ఉందని కల్నల్ అడిగితే ఏమంటావు?”

“బ్రహ్మాండంగా ఉంది, మేడమ్!”

రోండా కెస్లర్ నెత్తి కొట్టుకుంది. శాన్ ఆంటోనియో సైనిక స్థావరంలో, విచారణ గది బయట కూర్చుని ఈ ఒక్క జవాబు మార్పించలేక చస్తోంది. లాయరుగా ఆమె వాదించని వైకల్య బోర్డు లేదు గానీ, తన కేసు తానే ఓడిపోవాలని ఇంత పట్టుదలగా ఉన్న మనిషిని చూడ్డం ఇదే మొదలు.

“వెండెల్, ట్రక్కు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నావు నువ్వు!”

“కాస్త పట్టేసింది మేడమ్, అంతే.”

“కాస్తా? మొన్న తుమ్మితే నేల మీద కూలబడ్డావట. మీ ఆవిడే చెప్పింది.”

“లోర్నా ఏదైనా కొండంత చేసి చెబుతుంది మేడమ్.”

సార్జంట్ వెండెల్ టిబ్బెట్స్ వైకల్యాన్ని సైన్యం ఇరవై శాతంగా తేల్చింది. అక్కడే ఆగితే చేతిలో ఏదో కాస్త పెట్టి ఇంటికి పంపేస్తారు. ముప్పైకి చేరితే జీవితాంతం పింఛను, ఇంటిల్లిపాదికీ వైద్యం. వాళ్ళ చిన్నదానికి ఉబ్బసం. అందుకే లోర్నా మొగుడి మెడలు వంచి మరీ అప్పీలు చేయించింది.

ఆ ఇరవై ఎలా వచ్చిందంటే, పరీక్ష చేసిన డాక్టరు మేజర్. “వంగగలిగినంత వంగు” అన్నాడు. మేజర్ వంగమంటే సార్జంట్ వంగకుండా ఉంటాడా? పళ్ళ బిగువున వంగాడు. ఎంత ఎక్కువ వంగితే అంత తక్కువ శాతం. ఆ తర్వాత గంటసేపు కారు వెనక సీట్లో ముడుచుకు పడుకున్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు.

“వంగేటప్పుడు నొప్పి ఎక్కడ మొదలైతే అక్కడికే కొలవాలి. మన వాదనంతా ఇదే” అంది రోండా. “నొప్పి అని ఒక్కసారి అను నాయనా.”

“నొ…”

“ఆఁ, వస్తోంది!”

“…ప్పేమీ లేదు, మేడమ్.”

ఈలోగా పిలుపొచ్చింది.

లోపల బోర్డు పెద్ద కల్నల్ హారిస్ వాన్‌హోర్న్ అప్పటికే కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. అటూ ఇటూ ఒక మేజరమ్మా, ఒక ముసలి డాక్టరూ. వెండెల్ గుమ్మం దాటగానే గునపంలా నిటారుగా నిలబడి ఫెళ్ళున సెల్యూట్ కొట్టాడు. రోండాకి అక్కడికక్కడే ఏడుపొచ్చింది. కల్నల్ పెన్ను జారి కాళ్ళ దగ్గర పడింది. ఆయన కదల్లేదు. పక్కనున్న మేజరమ్మ వైపు చూశాడంతే, ఆవిడే వంగి తీసిచ్చింది. ఎంత పొగరు ఈ మనిషికి, అనుకుంది రోండా.

“ఎలా ఉన్నావు, సార్జంట్?”

“బ్రహ్మాండంగా ఉన్నాను, సర్!”

రోండా దిగ్గున లేచింది. “విన్నారా అండీ? డాక్టరు దగ్గరా ఇదే మాట. ఆ రోజు కొలిచింది ఇతని నడుముని కాదు, క్రమశిక్షణని!”

కల్నల్ ఆమెను పట్టించుకోలేదు. “పొద్దున్న బూట్లు ఎలా తొడుక్కుంటావు?”

“మా ఆవిడ తొడుగుతుంది, సర్.”

“ఆవిడ ఊళ్ళో లేకపోతే?”

దొరికిపోయాం రా దేవుడా, అనుకుంది రోండా. సాయం లేకుండా నెట్టుకురాగలడని రాసుకుంటే కేసు గోవిందా!

“లేసులు ముందే వదులుగా కట్టి, మడమ వెనక పొడుగాటి షూహార్న్ రేకు పెట్టి తోస్తాను, సర్.”

“ఎంత పొడుగుంటుంది?”

“మోకాలి దాకా, సర్.”

కల్నల్ శ్రద్ధగా రాసుకున్నాడు. “మరి కారులోంచి దిగడం? ఏ కాలు ముందు?”

“రెండూ ఒకేసారి సర్, తలుపు పట్టుకుని. ఊపిరి బిగబట్టి.”

“బిగబట్టాలా, వదలాలా?”

“నేనైతే బిగబడతాను, సర్.”

అదీ రాసుకున్నాడు. ఇంత కర్కోటకుణ్ణి ఏ బోర్డులోనూ చూడలేదు రోండా.

“ఇన్నాళ్ళూ తోటివాళ్ళకి తెలియకుండా ఎలా దాచావు?”

“అందరికంటే ముందే వెళ్ళి కూర్చుంటాను, సర్. అందరూ పోయాక లేస్తాను.” వెండెల్ చెయ్యి నడుం మీదికి పోయింది. “పదిహేనేళ్ళ సర్వీసులో ఎవరడిగినా బాగున్నాననే అన్నాను, సర్. ఇప్పుడు నొప్పి అనాలంటే సిగ్గేస్తోంది. కానీ నొప్పే, సర్. చచ్చేంత నొప్పి.”

రోండా కళ్ళు తుడుచుకుంది. కల్నల్ మాత్రం పెన్నుకి మూత పెట్టాడు. తర్వాత ఇద్దర్నీ బయటికి పొమ్మన్నాడు.

మళ్ళీ పిలిచేసరికి ఆయన అలాగే, అదే కుర్చీలో ఉన్నాడు.

“నలభై శాతం” అన్నాడు. “నొప్పి మొదలైన చోటికే కొలత. బోర్డంతా ఒక్క మాట మీద ఉంది.”

రోండాకి వెండెల్‌ని కావిలించుకోవాలనిపించింది గానీ నడుం గుర్తొచ్చి ఆగిపోయింది. మేజరమ్మా, డాక్టరూ భోజనానికి వెళ్ళిపోయారు.

“సార్జంట్, నువ్వాగు” అన్నాడు కల్నల్. “లాయరుగారూ, ఆ తలుపు వెయ్యండి.”

ఇచ్చింది వెనక్కి లాక్కుంటాడా ఏం ఖర్మ! అనుకుంటూనే రోండా తలుపు మూసింది.

కల్నల్ గొంతు బాగా తగ్గించాడు.

“కాస్త చెయ్యందించు నాయనా, పొద్దుట్నుంచీ లేవలేకపోతున్నాను.”