లెక్కలు రాని మరమాస్టారు

లెక్కల్లో మూడుసార్లు తప్పిన కూతురు హంసినిని వెంటబెట్టుకుని అనసూయ కాకినాడలోని మరమాస్టార్ల దుకాణానికి వెళ్లింది. మనుషులు ట్యూషన్లు చెప్పడం మానేసి ఇరవై ఏళ్లయింది మరి. కొత్త యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి భిన్నాలు ఓపిగ్గా వివరించాయి. హంసిని ఆవలించింది.

మూలనున్న పాత యంత్రం మాత్రం, "సగమూ సగమూ కలిపితే రెండు బై నాలుగు" అంది.

"కాదే మొద్దూ!" హంసిని దాని ముందు చతికిలబడింది. "సగం పెసరట్టుకి ఇంకో సగం కలిపితే నిండు పెసరట్టు! రెండు బై నాలుగంటే మళ్లీ సగమేగా!"

అనసూయకు కళ్లు చెమర్చాయి. పిల్ల నోట సరైన జవాబు వినడం అదే మొదలు.

"ఇది ఇచ్చెయ్యండి."

"అది పాడైపోయిందండమ్మా," అన్నాడు కొట్టతను కంగారుగా. "రెండ్రోజులు ఆగారంటే బాగుచేసిచ్చేస్తానండి."

"దాని జోలికెళ్లారంటే ఊరుకోను!" అంటూ అనసూయ ఆ యంత్రాన్ని చంకనెత్తుకుంది.