ఎలాగూ మరిచిపోయేదేగా

"చదవకుండా జేబులో పెట్టుకుంటారేమిటి, ఇటివ్వండి" అంటూ ఆవిడ భర్త చేతిలోని కాగితం లాక్కుంది.

అల్జీమర్స్ జబ్బు బయటపడక ముందే, దాని ఆనవాళ్ళను రక్తంలో పసిగట్టే కొత్త పరీక్ష రిపోర్టు అది. ఆయన కళ్ళజోడు రెండోసారి ఫ్రిజ్‌లో దొరికాక ఆవిడకు గుండెల్లో రాయి పడింది. బతిమాలి, బామాలి, ఆయన్ని ఈ ల్యాబుకు తీసుకొచ్చింది. ఆయనేమో క్యూలో నిలబడే రకం కాదు. అందరినీ తప్పించుకుంటూ ముందుకెళ్ళి, కౌంటరు మీదున్న రిపోర్టు పట్టుకుని రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"జబ్బు తొలిదశ ఆనవాళ్ళు ఉన్నాయి" అన్న ఎర్ర అక్షరాల దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది.

బెంచీ మీద కూలబడింది. ఆయనే ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇంకా బోలెడు కాలం ఉంది కదా, అప్పటిదాకా నిన్ను విసిగిస్తూనే ఉంటాలే అని ఓదార్చాడు. ఆ మాటకు ఆవిడ నీరైపోయింది. ఇరవై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న సంగతి ఒకటుంది. ఆయనకు అన్నీ గుర్తున్నప్పుడే చెప్పి క్షమించమని అడగాలి. తర్వాతైతే గోడకు చెప్పుకున్నట్టే.

"ఏమండీ, మీ క్లారినెట్‌ను దొంగలెత్తుకుపోలేదు. నేనే పాతసామాన్లవాడికి ఇచ్చేశాను."

తెల్లారకుండానే ఆయన ఊదుడు మొదలుపెడితే పక్కింటి కుక్క కూడా వీధి చివరికి కాపురం మార్చేసిందనీ, తనకు వేరే దారి తోచలేదనీ ఆవిడ ముక్కు చీదుతూ చెప్పింది. దొంగను పట్టుకోమని ఆయన పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిన రోజుల్లో, ఏమీ ఎరగనట్టు ఫ్లాస్కులో టీ పోసిచ్చి పంపింది కూడా దాచలేదు.

ఆయన జేబురుమాలు తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"పోనీలేవే" అన్నాడు. "ఎలాగూ మరిచిపోయేదేగా."

ఆవిడ ప్రాణం దూదిపింజలా తేలిపోయింది. అంతలో కౌంటరు అమ్మాయి రొప్పుతూ వచ్చింది. ఆయన పట్టుకొచ్చింది, రిపోర్టు ఎలా ఉంటుందో అందరికీ చూపించడానికి పెట్టిన నమూనా కాగితమట.

"మీది ఇదిగో సార్. మీకు ఆ జబ్బు ఆనవాళ్ళేమీ లేవు."

ఆయన రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నింపాదిగా మడిచి జేబులో పెట్టుకుని, భార్య వైపు తిరిగాడు.

"ఇంతకీ నా క్లారినెట్ ఎవరికిచ్చేశానన్నావు?"

ఆవిడ ఏమీ ఎరగనట్టు ఆయన వంక చూసింది.

"ఏ క్లారినెట్టండీ?"