పైకి పోయే మిర్చీలు

మెట్టుగూడలో మిర్చీ బజ్జీలు వేయాలంటే ‘పైనుంచి’ పర్మిషన్ ఉండాలని వీధి వీధంతా నమ్మేది. అందుకే వార్డు నాయకుడి వెంట తిరిగే కిషన్, రోజూ విజయమ్మ అరుగు మీది పొయ్యి దగ్గరికి వచ్చి, తొలి వాయంతా ఊరికే పొట్లం కట్టించుకునేవాడు.

“ఇవి పైకి పోవాలె అక్కా. లేకుంటే నీ పొయ్యి బంద్.”

విజయమ్మ లాభమంతా ఆ పొట్లంలోనే పోతోంది. సగం వాయికైనా ఒప్పుకోమని పైవాళ్లనే బతిమాలుకుందామని, ఆ సాయంత్రం ఆమె అతని వెనకే నడిచింది.

కిషన్ నిజంగానే పైకి వెళ్లాడు, తన ఇంటి మేడ మెట్లెక్కి.

అక్కడ అతని అత్తగారు పొట్లం విప్పి, ఒక మిర్చీ కొరికింది. “ఇయ్యాల వాము జెర తక్కువైంది అల్లుడా.”

విజయమ్మ చేతులు జోడించింది. “అమ్మా, పర్మిషనిచ్చేది మీరేనా?”

“ఏం పర్మిషన్ బిడ్డా? అరుగు నీది, పొయ్యి నీది. తినేటోళ్లు కొనుక్కుంటున్నరు. నడుమ నేనెవరు?”

కిషన్ గొంతు సవరించుకున్నాడు. “మీరు గాదత్తమ్మా. గా పర్మిషనిచ్చేటోళ్లు ఇంకా పైన ఉంటరు.”

ఆడవాళ్లిద్దరూ తలెత్తి చూశారు. ఇంకా పైన నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు.