మూడు సీసాల రక్తం

"కూర్చోప్పా," అన్నాడు తిమ్మరాజు.

హరీష్ కూర్చోలేదు. హిందూపురంలో ఇన్సూరెన్సు ఏజెంటు తిమ్మరాజు టీ తెప్పించకుండా కూర్చోమన్నాడంటే కబురు మంచిది కాదని, నెల రోజులుగా ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతున్న హరీష్‌కు తెలుసు.

"కంపెనీ కాదనింది," అంటూ తిమ్మరాజు బల్ల మీద కవరు పెట్టాడు. "రక్తపరీక్షలో బయటపడింది. కిడ్నీలు."

"కిడ్నీలా?"

"క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాల్సింది, ఏడు దాటిండాది. నేను డాక్టర్ని కాదు, కానీ ఇరవై ఏండ్లుగా ఈ కాగితాలే చూస్తాండా. పాలసీ సంగతి పక్కన పెట్టు. ఈ పొద్దే ఆస్పత్రికి పోవాల. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు."

"రిపోర్టు తప్పేమో సార్?"

"అదే రక్తాన్ని రెండుసార్లు చూసినారంట."

"ఇంకో కంపెనీలో..."

"ఒకరు కాదన్నాక ఆ ముక్క ప్రతి ఫారంలోనూ రాయాల. నీ పేరు మీద ఇంక పాలసీ రావడం కష్టమప్పా." తిమ్మరాజు గొంతు తగ్గించాడు. "మీ నాయనది కూడా ఇదే జబ్బు గదా?"

హరీష్ తల ఊపాడు. కవరు తీసుకుని మెట్లు దిగాడు.

వాళ్ళ నాయన ఈరన్న చెప్పులు పట్టనంతగా కాళ్ళు వాచినప్పుడు, ఎండలో తిరిగినందుకన్నారు ఇంట్లో. పొద్దున ముఖం ఉబ్బితే నిద్ర ఎక్కువైందన్నారు. అసలు సంగతి తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. వారానికి రెండుసార్లు తమ ఊరు రొద్దం నుంచి పెనుకొండకు, అక్కడ బస్సు మారి డయాలసిస్‌కు. రెండేళ్ళు తిరిగాడు. ముందు వేరుశనగ చేను పోయింది, తర్వాత అమ్మ కమ్మలు పోయాయి, చివరికి నాయనా పోయాడు. అమ్మ నీలావతి ఇప్పుడు ఒకప్పటి తన చేలోనే కూలికి పోతోంది.

అందుకే డిగ్రీ పూర్తికాకముందే హరీష్ పాలసీ వెతుక్కున్నాడు. మూడు కంపెనీల కాగితాలు ముందేసుకుని ఏ జబ్బుకు ఎన్నేళ్ళు ఆగాలి, ఏ ఆస్పత్రిలో చెల్లుతుంది అని పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాడు. పరీక్షలకు కూడా ఆ పిల్లవాడు అంత చదివిన పాపాన పోలేదు.

"పెండ్లిచూపులకు పోయినట్టు పాలసీలు చూస్తాండావే!" అని రూమ్మేట్ బాలాజి నవ్వేవాడు.

బాలాజిది ధర్మవరం. తల్లి ప్రేమలత మగ్గం నేసి చదివిస్తోంది. కొడుకు పోలీసయిన రోజున మగ్గం దిగుతానని ఆమె పంతం. తెల్లవారకముందే లేచి గ్రౌండు చుట్టూ పరుగెత్తడం వాడి పని. తోడు వచ్చిన పాపానికి తిమ్మరాజు వాడికీ ఒక ఫారం ఇవ్వబోయాడు.

"నాకెందుకు సార్? గుండ్రాయి మాదిరి ఉండాను," అని వాడు దాన్ని మడిచి విసనకర్ర చేసుకున్నాడు.

ఫారంలో తల్లిదండ్రుల జబ్బులు అడిగిన చోట హరీష్ ఉన్నదున్నట్టు రాశాడు. రక్తపరీక్ష చేయాల్సిందేనంది కంపెనీ. ఆ సాయంత్రం వాడికి అన్నం సయించలేదు.

"నాయన జబ్బు నాకూ ఉంటే ఏమి చేసేదిరా? అమ్మ ఇంకోసారి తట్టుకోలేదు."

"నేనుండాను గదరా. నాకు వదిలెయ్," అన్నాడు బాలాజి.

మరునాడు లాబ్ మనిషి రూముకే వచ్చాడు. ఇంకో నాలుగిళ్ళకు పోవాలని ఒకటే తొందర. ఆధార్ జిరాక్సు మీద హరీష్ సంతకం పెట్టాడు. సూది చూడలేక గోడ వైపు తిరిగాడు. మూడు చిన్న సీసాలు నిండాయి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలే ఇప్పుడు హరీష్‌ను వదలడం లేదు.

దారిలో రెండుసార్లు ఫోను తీశాడు, రెండుసార్లూ జేబులో పెట్టేశాడు. ఏ తల్లికైనా ఈ మాట ఏ నోటితో చెప్పాలి? పాలసీ లేదు, అమ్మడానికి చేను లేదు. నోరు మూసుకుంటేనో? ఆలస్యం చేస్తే మనిషి దక్కడు. చచ్చిపోతే బాగుండుననిపించింది, ఆ ఆలోచనకే సిగ్గేసింది.

బాలాజి రూము గడప మీద కూర్చుని బూట్లు ఊడలాగుతున్నాడు.

"కొని నెల కాలేదు, అప్పుడే బిగుసుకుపోతాండాయి. సెలెక్షన్లకు సైజు మార్చాల," అని తలెత్తాడు. "ఏమైందిరా? పాసా, ఫెయిలా?"

హరీష్ గోడకు ఆనుకుని అట్లాగే కూలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అరే! పాలసీ ఇయ్యలేదా? పోనీ పో. కంపెనీ ఇచ్చే కాగితంతోనా మనిషి బతికేది?" బాలాజి వాడి వీపు నిమిరాడు. "ఆ కవరు ఇట్లియ్, చూద్దాం."

హరీష్ కవరును గుండెకు అదుముకున్నాడు. "ఆస్పత్రికి పోదాం పారా. ఇప్పుడే."

"ఆస్పత్రిలో చూపిచ్చుకోమంటే ఇన్నాళ్ళకు నా మాట విన్నావు. పా, నీ వెంబడి నేనొస్తా. ఏమొచ్చినా ఇద్దరం చూసుకుందాం."

బాలాజి బూట్లు మళ్ళీ తొడగబోయాడు. ఎక్కలేదు. నవ్వేసి, మూలనున్న హరీష్ పాత చెప్పులు వేసుకుని ముందు నడిచాడు. హరీష్ వాడి పాదాల నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

లాబ్ మనిషి వచ్చిన రోజు సూదికి చెయ్యి చాపింది బాలాజి.