నాలుగు కాళ్ల అక్షరం

ఇన్‌స్పెక్టరమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి తోయాదెర్ సుద్దముక్కతో నల్లబల్ల ముందు నిలబడి ఉన్నాడు. బల్లమీద జానెడు ఎత్తున కలిపిరాత చిన్న ఎమ్ అక్షరం. దానికి నాలుగు కాళ్లు.

ఎనిమిదిమంది పిల్లలు పగలబడి నవ్వుతున్నారు.

"ఎమ్‌కి మూడు కాళ్లే తాతా," అంటోంది తొమ్మిదేళ్ల సవేతా. "అదేమన్నా నీ మేకా?"

ఇన్‌స్పెక్టరమ్మ పేరు కొర్నేలియా. చెప్పాపెట్టకుండా వచ్చింది. ఆ కొండ ఎక్కేసరికి కారుకీ బూట్లకీ అంటిన బురద ఆవిడ మొహంలోనూ కనిపిస్తోంది. చంకలో ఫైలు. పొయానా వుల్పి అనే ఆ కొండూరి బడిని మూసేయాలన్న ఉత్తర్వు అందులో ముందే టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

బడి మూసేస్తారన్న మాట తోయాదెర్ చెవిన ఇదివరకే పడింది. బడి మూస్తే పిల్లలు వ్యానెక్కి పద్నాలుగు కిలోమీటర్ల కిందనున్న ఊరికి పోతారు. మంచు పడే నాలుగు నెలలూ అదీ కుదరదు. మరి తన సంగతి? అరవై ఏడేళ్ల మనిషిని ఇంకే బడి తీసుకుంటుంది? ఆవిడ గుమ్మంలోకి రావడమూ, తన ఎమ్‌కు నాలుగో కాలు మొలవడమూ ఒక్కసారే జరగాలా?

అసలు విషయం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

ఆవిడ చేయి అడ్డుపెట్టింది. "సంజాయిషీలు వద్దు. నేను లేననుకుని మీ పని మీరు కానివ్వండి," అని వెనక బెంచీమీద కూర్చుంది.

లేదనుకోవడానికి ఆవిడేం చిన్న మనిషి కాదు. అయినా తోయాదెర్ బల్లవైపు తిరిగి, నాలుగో కాలు చెరిపాడు. ఇప్పుడు సరిపోయిందా అని పిల్లల్ని అడిగాడు. వంకర పోయిందన్నారు. మళ్లీ రాశాడు. ఇంకా వంకరే అన్నారు. ఐదోసారికి చప్పట్లు కొట్టారు.

కొర్నేలియా కలం తీసింది. 'కావాలని తప్పు రాసి పిల్లల చేత దిద్దించడం' అని రాసుకుంది. కింద రెండు గీతలు గీసింది.

తర్వాత లెక్కలు. సవేతా పుస్తకం తెరిచి గట్టిగా చదివింది. ఒక తొట్టి ఉంది. పై గొట్టం దాన్ని మూడు గంటల్లో నింపుతుంది. కింది గొట్టం ఐదు గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ తెరిస్తే తొట్టి ఎప్పుడు నిండుతుంది?

తోయాదెర్ బుర్ర గోక్కున్నాడు. "కిందిది తెరిచిన వెధవ ఎవడు?"

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆ మాట పుస్తకంలో లేదు. ఒకడు అది తాగుబోతు పనన్నాడు. ఇంకొకడు కాదు, గొర్రెలకు నీళ్లు పెట్టడానికే తెరిచి ఉంటారన్నాడు. అయితే ఎన్ని గొర్రెలు, ఎన్ని బకెట్లు అని తోయాదెర్ పట్టుకున్నాడు. అరగంట కొట్టుకుచచ్చారు. చివరికి గొర్రెల దారిన పోయి, ఏడున్నర గంటలని తేల్చారు. సవేతా వెనక పేజీలో జవాబు చూసింది. సరిపోయింది.

కొర్నేలియా కళ్లు తడయ్యాయి. పిల్లల్ని ఆలోచింపజేయడం ఎలాగో చూసి రావడానికి ప్రభుత్వం ఆవిణ్ణి రెండుసార్లు ఉత్తరాది దేశాలకు విమానంలో పంపింది. అక్కడ రంగురంగుల కుర్చీలు చూసింది. కాఫీ బాగుందని రిపోర్టు రాసింది. ఇది మాత్రం ఎక్కడా చూడలేదు.

విరామంలో పిల్లలు కొవ్వు రాసిన రొట్టె, ఉల్లిపాయ తీసి, తోయాదెర్ పక్కన ఇరుక్కుని కూర్చుని తిన్నారు. అది కూడా రాసుకుంది. తాతతో మీకు బాగుంటుందా అని సవేతాను మెల్లిగా అడిగింది.

"మంచోడే మేడమ్," అంది సవేతా నములుతూ. "ఇంటిపని మాటే ఎత్తడు."

వెళ్లేముందు ఆవిడ తోయాదెర్ రెండు చేతులూ పట్టుకుంది. మీ పద్ధతి ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంది.

"నాకేం తెలుసమ్మా," అన్నాడు తోయాదెర్. "తెలియంది వీళ్లని అడుగుతాను."

ఆవిడ ఆ మాట రాసుకోలేదు. ఎదమీద చెయ్యి వేసుకుని బయటికి నడిచింది. కారెక్కి, ఫైల్లోంచి ఉత్తర్వు తీసి నిలువునా చింపింది.

మూడు వారాలకు జిల్లా ఆఫీసు నుంచి బడికి ఉత్తరం వచ్చింది. సవేతా పైకి చదివింది. బడి మూయరు. పైగా జిల్లాలోని రెండువందల పైచిలుకు బళ్లు ఇకమీద తోయాదెర్ పద్ధతిలోనే నడవాలి. మే నెలలో ఆయన పట్నం వచ్చి, మూడువందల మంది ఉపాధ్యాయుల ముందు మాట్లాడాలి.

తోయాదెర్ మొహం పాలిపోయింది. అంతమంది ముందు తనేం మాట్లాడగలడని గొణిగాడు.

"ఏం మాట్లాడొద్దు తాతా," అంది సవేతా. "అడుగు. వాళ్లే చెప్తారు."

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిన నాడు 'ఆధునిక బోధన' శిక్షణకని పట్నం వెళ్లి ఉన్న టీచరమ్మ రొడీకా, ఆ ఉత్తరం మడిచి సొరుగులో పెట్టి, హాజరుపట్టీ తెరిచి ఒకటో తరగతిలో ఆఖరి పేరు పిలవగానే, తోయాదెర్ లేచి చెయ్యెత్తి "ఉన్నాను టీచర్" అన్నాడు.