బుడ్డి కడుపు

“ఇయ్యాల గూడ ఏం లేదమ్మా,” మూలనున్న పాత గమేళాలో బూడిద కెలికి చెప్పాడు వేణు.

కట్టమ్మ గుండె గతుక్కుమంది. ఆ వెంటనే కాస్త కుదుటపడింది. రెండూ ఒకేసారి ఎలా అవుతాయో ఆమెకే తెలియదు.

బుడ్డి ముసలి పిల్లి. వేణు బళ్లో చేరిన ఏడు ఇంటికొచ్చింది. ఇప్పుడు దాని నాలుక వీపు దాకా అందదు. బొచ్చు అట్టలు కట్టింది, తోక కింద మురికి పట్టింది. నాకినంత మేరా వెంట్రుకలు కడుపులోకి పోయి ఉండలుగా కక్కుతోంది. కుక్కల భయానికి దాన్ని గడప దాటనివ్వకుండా, దొడ్డికి పోవడానికని ఇనప గమేళాలో బూడిద పోసి పెట్టారు. ఆ బూడిద చూసేదీ, మార్చేదీ వేణే.

“పశువుల దవాఖానకు తీస్కపోదమా బిడ్డా?”

“సమ్మె గదనే. తాళమేసిన్రు.”

“చుక్క ఆముదమన్న పోద్దమా మరి?”

“వద్దు. ముసలి పానం, తట్టుకోదు.”

సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచీ నర్మెట్టకు బస్సు లేదు. పెనిమిటి పోశాలు భూపాలపల్లిలో బొగ్గుబాయి దగ్గరే చిక్కుపడ్డాడు. ఇంట్లో మిగిలింది తల్లీ, కొడుకూ, పిల్లీ. కట్టమ్మ వీధి తలుపుకు గొళ్లెం పెట్టేది, పడిందో లేదోనని మళ్లీ లేచి చూసేది. టీవీలో ఎవరి పిల్లవాణ్ని మోసుకుపోతున్నా ఆమెకు వేణు ముఖమే కనిపించేది. మొన్నామధ్య జనగామ చౌరస్తాలో ఉరుకులాట జరిగి, వేణు దోస్తు సునీల్ కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వేణుకు గీత కూడా పడలేదు. కానీ ఆ పూట వాడు కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి లేచాడు. కోపం మీదున్నాడు, రేపు రైల్ రోకోలో అందరికన్నా ముందట నిలబడతాడు అనుకుంది తల్లి.

అందుకే పోచమ్మకు పాపపు మొక్కు మొక్కింది. ‘తల్లీ, రైల్ రోకో అయ్యేదాక దాని కడుపు కట్టే ఉంచు. అది మంచం పట్టినట్టుంటేనే నా కొడుకు ఇల్లు కదలడు.’ మొక్కాక చెంపలు వేసుకుంది. మూగజీవి ఉసురు ఊరికే పోతుందా? చేతుల్లో పిల్లి చస్తే బంగారు పిల్లిని దానమిచ్చినా తీరదంటారు.

గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి దాని తోక కింద తుడిచింది. పొట్ట నిమిరి చూసింది. మెత్తగానే ఉంది. మెత్తగుందంటే లోపలంతా కుళ్లిపోయిందేమోనని మరింత భయపడింది.

వాకిట్లో ట్రాలీ ఆటో హారన్ మోగింది. వేణు బయటికి పోయాడు. కట్టమ్మ తలుపు చాటున నిలబడింది.

“ఎక్కురా వేణూ! ఇయ్యాల బువ్వ రైలు పట్టాల మీదనే!” మెడకు వేలాడుతున్న కట్టు చేతిని జెండాలా ఊపాడు సునీల్.

“బుడ్డికి బాగలేదురా. దొడ్డికి వస్తలేదు.”

బండిలో అందరూ గొల్లుమన్నారు.

“అది గూడ సమ్మెల దిగిందారా?”

“తెలంగాణ అచ్చేదాక ఇడువనని ఒట్టు పెట్టుకున్నదేమో!”

“నగుండ్రి నగుండ్రి. మీ ఇంట్ల అయితే తెలుస్తది.”

“మా అవ్వను చూస్కోమంట, రారాదు.”

“నా చేతుల తప్ప తినదురా అది.”

“సరే, జరసేపు ఆగుతం. లోపలికి పోయి ఒక్కసారి చూసి రా పో.”

అప్పుడే కట్టమ్మ వెనక గమేళాలో గరగరమని గీరిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి బుడ్డి పని ముగించుకుని, పైన బూడిద కప్పి, ఏమెరగనట్టు మంచం కిందికి పోతోంది.

వేణు వస్తే చూస్తాడు. చూస్తే బండెక్కుతాడు. ఎక్కితే... ఆ పైన తలుచుకోలేకపోయింది. బూడిదతో సహా దాన్ని రేకు ముక్కలోకి ఎత్తి, కొంగు కప్పి పెరట్లోకి ఉరికింది. ఎక్కడ పారేసినా కళ్లబడుతుంది. నీళ్లు పోసుకునే జాలారి వెనక జామచెట్టు మొదట్లో, ఎవరూ పోని చోట, పార తీసుకుని వంగింది.

లోపల అడుగుల చప్పుడు. గమేళా కదిలింది. తర్వాత వాకిట్లోంచి వేణు గొంతు: “లేదురా, గట్లనే ఉంది! మీరు పోన్రి!”

జై తెలంగాణ కేకలతో బండి కదిలిపోయింది. కట్టమ్మ కళ్లు మూసుకుని పోచమ్మకు దండం పెట్టుకుంది. వాడి మంచితనమే వాణ్ని కాపాడింది అనుకుంది. గబగబా పారతో ఒక పోటు వేసింది. మట్టి గుల్లగా, ఏ పట్టూ లేకుండా లేచి వచ్చింది.

అందులో నిన్నటిదీ మొన్నటిదీ గమేళా బూడిదతో సహా పాతిపెట్టి ఉన్నాయి.